పాత డబ్బాలో కొత్త టీపొడి

ప్రశ్న: ఇంటి ఆదాయం తగ్గడంతో ఆరు నెలలుగా మేము సరుకులను ఒక డిస్కౌంట్ సూపర్‌మార్కెట్‌లో కొంటున్నాము. అక్కడ చాలా వస్తువులు ఆ దుకాణం సొంత పేరుతోనే ఉంటాయి, ధర కూడా బాగా తక్కువ. మా అత్తగారు ముప్పై ఏళ్లుగా ఒకే కంపెనీ టీపొడి, ఒకే కంపెనీ ఉప్పు వాడుతున్నారు. ఊరూ పేరూ లేని సరుకు ఇంట్లోకి తేవద్దని గట్టిగా చెప్పారు. గొడవ ఎందుకని నేను ఆ దుకాణం టీపొడిని తెచ్చి, పాత కంపెనీ డబ్బాలో పోసి వాడుతూ వచ్చాను. రెండు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. పోయిన వారం ఖాళీ ప్యాకెట్ ఆమె కంటపడింది. అప్పటి నుంచి నా చేతి టీ తాగడం మానేశారు. తక్కువ ధరకు వచ్చేది తక్కువ రకమేనని, తనకు తెలియకుండా తన చేత తాగించానని బాధపడుతున్నారు. ఆ సరుకు నిజంగా నాసిరకమా? ఇంటిల్లిపాదికీ నేను హాని చేస్తున్నానా? అక్కడ ఏవి కొనవచ్చో, ఏవి కొనకూడదో ఎలా తెలుసుకోవాలి?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో రెండు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి సరుకు గురించి, రెండవది డబ్బా గురించి. సరుకు విషయంలో మీరు చేసినది తప్పు కాదని, డబ్బా విషయంలో మాత్రం మీ అత్తగారి బాధకు కారణం ఉందని నా అభిప్రాయం. ముందుగా సరుకు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో మీరు నెమ్మదిగా కూర్చుని మాట్లాడవలసి వచ్చినప్పుడు మీకు కావలసింది ధైర్యం కన్నా ముందు వివరమే.

తక్కువ ధరకు వచ్చేది తక్కువ రకమే అనే మాట పూర్తిగా నిరాధారమైనది కాదు. కల్తీ సరుకును చవకగా అంటగట్టిన అనుభవాలు ఎన్నో ఉన్న కారణంగానే పెద్దవాళ్లలో ఆ జాగ్రత్త ఏర్పడింది. అయితే డిస్కౌంట్ సూపర్‌మార్కెట్‌లో ధర తగ్గడానికి కారణాలు చాలావరకు ప్యాకెట్ లోపల కాక, దుకాణం నడిచే తీరులో ఉంటాయి. మామూలు పెద్ద సూపర్‌మార్కెట్‌లో 30,000 రకాల వస్తువులు, ఒక్కోచోట అంతకు మించి కూడా ఉంటే, ఈ తరహా దుకాణాలు ఒకటి రెండు వేల రకాలతోనే సరిపెట్టుకుంటాయి. ఒకే అవసరానికి పది కంపెనీల సరుకును వరుసగా పేర్చే బదులు ఒకటి రెండు రకాలనే ఉంచి, ఆ ఒక్కదాన్నే చాలా పెద్ద మొత్తంలో కొనడం వల్ల తయారీదారు దగ్గర బేరమాడే శక్తి వాటికి వస్తుంది. సరుకును అట్టపెట్టెలలో నుంచి తీసి ఒక్కొక్కటిగా సర్దకుండా, పెట్టె ముందు భాగం చింపి అలాగే అరల్లో పెడతారు. బిల్లు వేసే మనిషి ప్యాకెట్‌ను తిప్పి తిప్పి వెతుక్కోనవసరం లేకుండా బార్‌కోడ్‌ను రెండు మూడు వైపుల ముద్రించే దుకాణాలు ఉన్నాయి. నాణెం వేస్తే గాని ట్రాలీ ఊడిరాని ఏర్పాటు కూడా ఇలాంటిదే, ట్రాలీలను పోగుచేయడానికి వేరే మనిషిని పెట్టుకోకుండా కొనేవారే వాటిని తెచ్చి యథాస్థానంలో పెట్టేలా చేయడం దాని ఉద్దేశం. ఇవన్నీ విడిగా చూస్తే చిన్న పొదుపులే, కాని నెలకు లక్షల ప్యాకెట్లు అమ్మే చోట ఇవే ధరను దించుతాయి. వీటికి తోడు, పేరున్న కంపెనీ తన ప్రకటనలకు పెట్టే ఖర్చు దుకాణం సొంత బ్రాండ్ ధరలో అంతగా ఉండదు.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కూడా కాదు. 1925లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో గాట్లీబ్ డట్‌వైలర్ అనే వ్యాపారి ఐదు మోటారు బండ్లలో కాఫీ, బియ్యం, చక్కెర, పాస్తా, కొబ్బరి కొవ్వు, సబ్బు అనే ఆరు సరుకులను మాత్రమే వేసుకుని వీధి వీధికీ వెళ్లి చవకగా అమ్మడం మొదలుపెట్టాడు. అదే మిగ్రోస్ సంస్థకు ఆరంభం. పేరున్న కంపెనీలు అతనికి సరుకు ఇవ్వడానికి నిరాకరించడంతో అతను సొంతంగా తయారీకే పూనుకున్నాడు, అలా ఆ సంస్థకు సొంత బ్రాండ్లు ఏర్పడ్డాయి. జర్మనీలో కార్ల్, థియో ఆల్బ్రెక్ట్ అనే అన్నదమ్ములు ఎసెన్ నగరంలో తమ తల్లి నడిపిన చిన్న దుకాణాన్ని రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చేతిలోకి తీసుకుని, కొద్ది రకాలు, తక్కువ ధర అనే సూత్రంతో పెంచిన వ్యాపారమే నేటి ఆల్డి. 1976లో ఫ్రాన్స్‌లో కార్ఫూర్ సంస్థ ఏ కంపెనీ పేరూ లేని సాదా ప్యాకెట్లలో 50 వస్తువులను విడుదల చేసింది. మీ అత్తగారు ‘ఊరూ పేరూ లేని సరుకు’ అన్నారు గనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. కాని దుకాణం సొంత బ్రాండ్‌కు ఊరూ ఉంది, పేరూ ఉంది. ఆ పేరు దుకాణం తలుపు మీద ఉన్నదే కావచ్చు, దుకాణానికే చెందిన మరో పేరు కావచ్చు. ఒక ప్యాకెట్ చెడిపోతే తప్పు ఎవరో తయారీదారుదని తప్పించుకోవడం అలాంటి దుకాణానికి అంత తేలిక కాదు.

అసలు వాటిని తయారు చేసేది ఎవరు అనే ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. కొన్ని పెద్ద దుకాణాలకు సొంత కర్మాగారాలు ఉన్నాయి. ఎక్కువ భాగం మాత్రం బయటి తయారీదారులే చేసి ఇస్తారు, వారిలో కొందరు పేరున్న బ్రాండ్లకు కూడా సరుకు చేసి ఇచ్చేవారే. 2007లో ఉత్తర అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారంలో మెలమైన్ అనే రసాయనం బయటపడి, సరుకును వెనక్కి తీసుకోవలసి వచ్చినప్పుడు ఇది అందరికీ తెలిసివచ్చింది. ఒకే తయారీ సంస్థ నుంచి వచ్చిన సరుకు అటు ఖరీదైన బ్రాండ్ల పేరుతోనూ, ఇటు దుకాణాల సొంత బ్రాండ్ల పేరుతోనూ పదుల కొద్దీ లేబుళ్ల కింద అమ్ముడవుతున్నట్టు కొనుగోలుదారులు అప్పుడు తెలుసుకున్నారు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన వారికి ఆ ప్రమాదం తప్పలేదు. అయితే దీని నుంచి, రెండు ప్యాకెట్లలోనూ ఉన్నది అక్షరాలా ఒకటే అనే నిర్ణయానికి రాకూడదు. ఒకే కర్మాగారంలో ఒకరు ఒక పాళ్లలో, మరొకరు మరో పాళ్లలో కలిపించుకోవచ్చు. పైన పేరు వేరు, లోపల సరుకు ఒకటే అని ఎవరైనా ధీమాగా చెబితే, వారు ఆ రెండు ప్యాకెట్ల వెనుక ఉన్న అక్షరాలు చదివి చెబుతున్నారా అని అడగండి.

ఇక ఏవి కొనవచ్చు అన్నదానికి వస్తాను. నేను సరుకులను రెండు జాతులుగా చూస్తాను. మొదటి జాతి, ఒకే పదార్థం ఉన్నవి: ఉప్పు, చక్కెర, వంటసోడా, పిండి, బియ్యం, పప్పు, శీతలీకరించిన ముడి కూరగాయలు, ఒకే గింజ నుంచి తీసిన వంటనూనె. వీటిలో కంపెనీ పేరు చేర్చగలిగేది చాలా తక్కువ. చక్కెర చక్కెరే. ఉప్పు విషయంలో చూడవలసింది అయోడిన్ కలిపారా లేదా అన్నదే తప్ప ఎవరు కలిపారన్నది కాదు. పిండి, బియ్యం, పప్పులలో రకం తేడాలు ఉంటాయి గాని, గింజ సైజు, రంగు, విరిగిన గింజలు, తేమ మీ కంటికీ చేతికీ తెలిసిపోయేవే. ఈ విషయంలో నాకు చాలా నచ్చిన ఒక ఆధారం ఉంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో నలుగురు ఆర్థికవేత్తలు అమెరికా కుటుంబాల కొనుగోలు వివరాలను పరిశీలించి, తలనొప్పి మాత్రలు కొనేటప్పుడు ఫార్మసిస్టులు, ఉప్పు, చక్కెర, వంటసోడా వంటి సరుకులు కొనేటప్పుడు వృత్తిరీత్యా వంట చేసేవారు, మిగతా జనం కన్నా ఎక్కువగా దుకాణం సొంత బ్రాండ్లనే తమ ఇళ్లకు తీసుకువెళుతున్నారని తేల్చారు. సరుకు లోతు తెలిసినవారు సొంత డబ్బు పెట్టి ఏం కొంటున్నారన్నది ఏ ప్రకటన కన్నా నమ్మదగిన సాక్ష్యమని నేను అనుకుంటాను.

రెండవ జాతి, పాళ్ల మీద ఆధారపడినవి: టీ, కాఫీ, బిస్కెట్లు, సాస్‌లు, మసాలా మిశ్రమాలు, చాక్లెట్, పచ్చళ్లు, ముందే వండి ప్యాక్ చేసిన ఆహారం. ఇక్కడ పేరు అంటే ఒక రుచి. ముఖ్యంగా టీ సంగతి చెప్పాలి. ప్యాకెట్ టీపొడి సాధారణంగా ఒకే తోటలో నుంచి వచ్చినది కాదు. వేర్వేరు తోటల, వేర్వేరు కోతల ఆకును రుచి చూసి కలిపే నిపుణులు, పంట ఏటేటా మారినా కప్పులో రుచి మారకుండా పాళ్లను సరిచేస్తూ ఉంటారు. మీ అత్తగారు ముప్పై ఏళ్లుగా తాగుతున్నది అలా కాపాడిన ఒక రుచినే. కాబట్టి ఆమెకు ఆ టీ ఇష్టం కావడం మూఢనమ్మకం కాదు, దానిని అలా తీసిపారేయవద్దు. దుకాణం సొంత టీపొడి అంతకన్నా బాగుండవచ్చు, బాగుండకపోవచ్చు, కాని అది మరొక టీ. ఉప్పు విషయంలో ఆమె అభ్యంతరానికి నేను ఇవ్వగల సమాధానం టీ విషయంలో ఇవ్వలేను.

ఈ రెండవ జాతి సరుకును ప్యాకెట్ ముందు వైపు చూసి కొనకండి, వెనుక వైపు చూసి కొనండి. ముందు వైపు ఉన్న బొమ్మ, రంగు, స్వచ్ఛమైన, సహజమైన వంటి మాటలు అమ్మేవారి మాటలు. వెనుక ఉన్న పదార్థాల జాబితా అలా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఏర్పాటు చేసిన కోడెక్స్ ప్రమాణాల ప్రకారం, తయారీ సమయంలో ఏ పదార్థం బరువు ఎక్కువో అది ముందు, తక్కువది తరువాత రాయాలి. అంటే టమాటా సాస్‌లో మొదట చక్కెర కనిపిస్తే మీరు కొంటున్నది ప్రధానంగా చక్కెరే. రెండు బ్రాండ్ల జాబితాలను పక్కపక్కన పెట్టుకుని మొదటి మూడు నాలుగు పదార్థాలు పోల్చండి, టమాటా శాతం, జీడిపప్పు శాతం అని అంకె ఇచ్చి ఉంటే అదీ చూడండి. ఆ తరువాత 100 గ్రాములకు ఎంత ఉప్పు, ఎంత చక్కెర, ఎంత కొవ్వు అని ఉండే పట్టిక చూడండి. జాబితా, పట్టిక రెండూ దాదాపు ఒకేలా ఉంటే ధర తక్కువ ఉన్నదాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు, ఎందుకంటే అప్పుడు మిగిలేది రుచిలో తేడా మాత్రమే, అది ఒక చిన్న ప్యాకెట్‌తో తేలిపోతుంది. చక్కెరకు గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని దగ్గరి బంధువుల పేర్లు చాలా ఉన్నాయి. ఒకే ప్యాకెట్‌లో నాలుగు పేర్లతో విడివిడిగా రాస్తే అది జాబితాలో కిందికి దిగిపోయినట్టు కనిపిస్తుంది, ఆ సంగతి కూడా మనసులో పెట్టుకోండి. నూనె సీసా మీద ఖరీదైన గింజ బొమ్మ ఉండి, వెనుక వేరే నూనెతో కలిపిన మిశ్రమమని ఉండవచ్చు. డబ్బాలో నీళ్లతో నిలువచేసిన గింజలైతే మొత్తం బరువు కాదు, నీళ్లు వడగట్టిన తరువాతి బరువు చూడాలి.

దుకాణం తన సొంత బ్రాండ్‌కు సరుకు తయారు చేసేవారిని ఎప్పుడైనా మార్చవచ్చు. ప్యాకెట్ అదే ఉండి, లోపల పాళ్లు మారవచ్చు. కాబట్టి ఒకసారి చదివి నచ్చిన సరుకునైనా కొన్నాళ్లకొకసారి మళ్లీ చదవండి. ఇంట్లో ఎవరికైనా వేరుశనగ, గోధుమ, పాలు వంటివి పడకపోతే కొన్నాళ్లకొకసారి కాదు, కొన్న ప్రతిసారీ చదవాలి. పసిపిల్లల పాలపొడిని మాత్రం ధర చూసి మీకు మీరుగా మార్చవద్దు, వైద్యుణ్ణి అడిగిన తరువాతే మార్చండి.

ధర పోల్చడంలో కూడా కన్ను మోసపోతుంది. 750 గ్రాముల ప్యాకెట్ ధర 90, కిలో ప్యాకెట్ ధర 110 అనుకుందాం. చూడగానే 90 చవక అనిపిస్తుంది, కాని కిలో లెక్కన అది 120 పడుతుంది. అరల మీద చిన్న అక్షరాలలో కిలోకు, లీటరుకు ఎంత అని రాసి ఉంటే అదే మీకు అసలు ధర, లేకపోతే ఫోన్‌లో లెక్క వేసుకోండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనే నమ్మకం కూడా వద్దు. పేరున్న కంపెనీ సరుకు తగ్గింపు ధరలో ఉన్న వారం దుకాణం సొంత బ్రాండ్ కన్నా తక్కువకే రావచ్చు, అప్పుడు దానినే తీసుకోండి. మన పట్టుదల బ్రాండ్‌కు వ్యతిరేకంగా కాదు గదా. డిస్కౌంట్ దుకాణాలలో మధ్య వరుసలో ఆ వారానికి మాత్రమే దొరికే గిన్నెలు, పనిముట్లు, బట్టలు పేర్చి ఉండడం మీరు గమనించే ఉంటారు. ఉప్పు, చక్కెరల మీద మిగిల్చిన డబ్బు ఎక్కువగా కరిగిపోయేది అక్కడే. చీటీ రాసుకుని వెళ్లి, చీటీలో లేనిది ఆ వారం కొనకుండా వచ్చేయమని నా సలహా.

తినని సరుకుల విషయంలో కొంచెం వేరే లెక్క ఉంది. బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే ద్రవం వంటివాటిని కిలో ధరతో కాక, ఎన్నిసార్లు వాడకానికి వచ్చిందన్న దానితో కొలవాలి. పలుచని ద్రవం సగం ధరకు వచ్చినా రెట్టింపు పోయవలసి వస్తే మిగిలింది ఏమీ లేదు. సీసా తెరిచిన తేదీని దాని మీదే రాసిపెట్టండి, అయిపోయిన రోజున మీకే తెలుస్తుంది.

గడువు తేదీల గురించి ఒక్క మాట. ఈ తేదీలోపు వాడితే శ్రేష్ఠమని రాసినది రుచి, నాణ్యతలకు సంబంధించినది. ఈ తేదీలోపే వాడాలని రాసినది ఆరోగ్యానికి సంబంధించినది, మాంసం, చేప, త్వరగా పాడయ్యే పాల పదార్థాల మీద ఇది కనిపిస్తుంది, దానిని దాటనివ్వకూడదు. ధర తగ్గించి ముందు వరుసలో పెట్టిన సరుకు ఆ తేదీకి దగ్గరపడినదై ఉండవచ్చు, చూసి తీసుకోండి. మసాలా పొడులు తేదీ లోపల ఉన్నా వాసన పోయి ఉంటే వాటిలో సారం పోయినట్టే.

మీరు ఇంటిల్లిపాదికీ హాని చేస్తున్నారా అన్న భయానికి నా సమాధానం ఇది: లేదు. తయారీదారు లేదా అమ్మకందారు చిరునామా, పదార్థాల జాబితా, బరువు, తేదీ స్పష్టంగా ముద్రించి, సీలు చెదరని ప్యాకెట్‌ను మీరు తెస్తున్నంతకాలం, అది దుకాణం పేరుతో ఉన్నందుకు మీరు భయపడవలసిన పని లేదు. ఆహార భద్రతా నియమాలు పేరున్న బ్రాండ్‌కూ దానికీ ఒకటే. నేను జాగ్రత్తపడమనేది ఈ వివరాలు లేని ప్యాకెట్‌తో, చవకైనదైనా, ఖరీదైనదైనా.

ఇప్పుడు డబ్బా సంగతి. పాత డబ్బాలో కొత్త టీపొడి పోయడం వల్ల మీ అత్తగారికి నష్టం కలిగింది నాలుక మీద కాదు. ఇంట్లో తాను తాగేది ఏమిటో తనకు తెలుసు అన్న నమ్మకం ఆమెకు పోయింది. రెండు నెలలు మీరు కనిపెట్టలేదు గదా అని వాదించి గెలవాలని చూడకండి. ఆ వాదనలో కొంత నిజం ఉంది కూడా. 1964లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు బీరు తాగే అలవాటున్నవారికి లేబుల్ తీసేసిన సీసాలు ఇచ్చి చూస్తే, వారిలో చాలామంది తాము రోజూ తాగే బ్రాండ్‌ను గుర్తుపట్టలేకపోయారు. లేబుల్ అంటించి ఇచ్చినప్పుడు మాత్రం తమ బ్రాండే మేలైనదని ఎక్కువ మార్కులు వేశారు. పేరు రుచిని మారుస్తుందన్నది నిజమే. కాని తెలియకుండా జరిపిన పరీక్షలో ఓడిపోయావని ఒక పెద్దావిడతో అంటే ఆమె టీపొడి మీద ఉన్న కోపాన్ని మీ మీదికి మళ్లిస్తారు, అది న్యాయమే అవుతుంది. ఖర్చు తగ్గించుకోవలసిన పరిస్థితి గురించి ఆమెకు ఎవరైనా విడమరిచి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పి ఉండకపోతే, మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఆ మాట చెప్పండి, నెల బిల్లులు ఆమె ముందు పెట్టండి, డబ్బా విషయంలో తప్పు జరిగిందని వెనుకాముందూ లేకుండా ఒప్పుకోండి.

ఆ తరువాత, ఆమె సరేనంటేనే, ఇలా చేసి చూడండి. ఆహార పరిశ్రమలో రుచి పరీక్షించేవారు వాడే పద్ధతి ఇది. మూడు ఒకేలాంటి కప్పులు తీసుకుని, రెండింటిలో ఒక టీ, మూడవదానిలో రెండవ టీ పోయాలి. నీళ్లు, పాలు, చక్కెర, మరిగించిన సమయం అన్నీ సమానంగా ఉండాలి. ఏ కప్పులో ఏది ఉందో తెలిసినవారు, అంటే పోసినవారు, గదిలో ఉండకూడదు. మూడింటిలో వేరుగా ఉన్నది ఏదో ఆమె చెప్పాలి, తనకు ఏది నచ్చిందో కూడా చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిగ్గా తగిలే అవకాశం ఉంది కాబట్టి ఒక్కరోజుతో తేల్చవద్దు. వరుసగా మూడు రోజులు చేసి, మూడు రోజులూ ఆమె సరిగ్గా చెబితే, అది ఊహ వల్ల జరిగే అవకాశం 27లో ఒక్కటే. మీరు కూడా ఆమె పక్కన కూర్చుని అదే పరీక్ష రాయండి.

ఆమె గుర్తుపట్టి, తన పాత టీయే మేలన్నారనుకోండి, ఆమె కోసం ఆ టీపొడే కొనండి. రోజుకు రెండు కప్పుల టీపొడి మీద మిగిలే డబ్బు ఎంతో లెక్క వేస్తే, ఉప్పు, చక్కెర, పప్పు, నూనె, సబ్బుపొడి దుకాణం సొంత బ్రాండ్‌లో కొనడం వల్ల మిగిలేదానిలో అది చిన్న భాగమేనని మీకే కనిపిస్తుంది. ఆమెకు తేడా తెలియకపోతే ఏది తేవాలో ఆమెనే నిర్ణయించమనండి. ఈలోగా ఆ పాత డబ్బాను కడిగి ఆరబెట్టి, అందులో ఆమె పాత టీపొడినే పోసి, కొత్తదానిని పేరు రాసిన వేరే డబ్బాలో పక్కన పెట్టండి.